పెళ్లికి పోయిన బకెట్లు

ఎడారి దేశంలో, ముసఫ్ఫాలోని ఐకాడ్ ఫ్యాక్టరీల వెనకవైపు మా కూలీల క్యాంపు. కరోనాకు గేట్లు మూసినప్పుడు నేను మొక్కలు పెంచడం మొదలుపెట్టాను. ఇష్టం కొద్దీ కాదు. ఎనిమిది మంది ఉన్న గదిలో పని లేకుండా కూర్చోవడం నా వల్ల కాలేదు. మంచం దిగి వరండా చివరిదాకా నడిచేవాణ్ణి, తిరిగొచ్చేవాణ్ణి, మళ్లీ నడిచేవాణ్ణి. నా పై మంచం మీద పడుకునే అన్నది జగిత్యాల వైపు. నా తిరుగుడు చూడలేక ఆయన ఖాళీ పెయింటు బకెట్టుకు అడుగున చిల్లులు పొడిచి, మట్టి నింపి, ఒక మనీప్లాంట్ తీగ గుచ్చి ఇచ్చాడు.

"దీనికి నీళ్లు పొయ్యి. మమ్మల్ని జర పండనియ్యి" అన్నాడు.

రెండేళ్లకు వరండా నిండింది. విల్లాల్లో రిపేరు పనులకు పోయినవాళ్లు అక్కడ పారేసిన మొక్కలు తెచ్చేవారు. పాము మొక్కలు, కలబంద, కరివేపాకు, కుండీలో పెరిగే చిన్న తాటి జాతివి. ఎవరి బకెట్టు వాళ్లదే, నీళ్లు మాత్రం ఎక్కువగా నేనే పోసేవాణ్ణి. అన్నకు ఒక తులసి ఉండేది. ఊరి నుంచి గింజలు తెప్పించుకుని మొలిపించాడు. 2022లో ఆయన సెలవు మీద ఇంటికి పోతూ దాన్ని నాకు అప్పజెప్పాడు.

ఆయన ఊళ్లో ఉండగానే మా ఇంజనీరు సారు కూతురి పెళ్లి కుదిరింది. సారుది గుంటూరు. విమానంలో వచ్చి సాయంత్రానికి చెత్తలోకి పోయే పూలు తనకు వద్దని ఆ అమ్మాయి పట్టుబట్టిందట. బతికుండే మొక్కలే కావాలంది. సారు ఫోనులో మా వరండా ఫొటో చూసి, ఇవే బాగున్నాయంది. ఒక్కరోజుకు ఇవ్వండయ్యా, సాయంత్రం నేనే పంపిస్తానని సారు నన్ను పిలిచి అడిగాడు. గదిలో అందరూ సరేనన్నారు. పెళ్లి భోజనానికి మమ్మల్నీ పిలిచాడు మరి.

తులసిని పంపకూడదనుకున్నాను. కానీ పెళ్లికూతురే ఫోను చేసి, మండపం దగ్గర తులసి ఉంటే బాగుంటుంది అంకుల్ అంది. కాదనలేకపోయాను. అన్నకు ఫోను చేయాల్సింది. చేయలేదు. పది రోజుల్లో వస్తాడు, అప్పటికి తులసి మళ్లీ వరండాలోనే ఉంటుంది, ఆయనకు తెలియాల్సిన పనేముంది అనుకున్నాను.

పొద్దున్నే పికప్‌లో బకెట్లు సర్ది, గాలికి విరగకుండా తడి గోనెపట్టా కప్పాం. దారి పొడవునా నేను వెనక్కే చూస్తున్నాను. హోటల్లో అలంకరణవాళ్లు బకెట్ల చుట్టూ నార గుడ్డ కట్టారు. మనీప్లాంట్ తీగలను స్తంభాలకు పాకించారు. కాసేపటికి ఏది ఎవరి బకెట్టో నాకే తెలియలేదు. తులసిని మాత్రం కళ్లతో పట్టుకుని కూర్చున్నాను. దాని నెత్తిన ఏసీ గాలి. వెళ్లి పక్కకు జరిపాను. ఫొటోలవాడు మళ్లీ ముందుకు లాగాడు. నేను మూడు కుర్చీలు మారాను. మా గదివాళ్లు గారెలు మళ్లీ వడ్డించుకుంటున్నారు. నేనేం తిన్నానో గుర్తులేదు. తాళి కట్టేటప్పుడు కూడా నా అక్షింతలు చేతిలోనే ఉండిపోయాయి.

భోజనాలయ్యాక మైకులో ఒకతను ఇంగ్లీషులో ఏదో చెప్పాడు. జనం చప్పట్లు కొట్టి లేచారు. పట్టుచీరల వాళ్లు వంగి బకెట్లు ఎత్తుకుంటున్నారు. పక్కనున్నాయన్ని అడిగితే, వచ్చినవాళ్లకు మొక్కలే కానుకలట, తలా ఒకటి తీసుకెళ్లమన్నారన్నాడు. మండపం దగ్గరికి పోయి చూస్తే తులసి ఉన్నచోట తడి గుర్తే ఉంది.

లిఫ్టు కోసం ఆగలేక మెట్లు దిగి పార్కింగులోకి పరుగెత్తాను. ఒకామె తులసిని కారు ముందు సీట్లో పెట్టి బెల్టు కడుతోంది. నన్ను హోటల్ మనిషి అనుకున్నట్టుంది, తలుపు కొంచెం వేస్తారా అని మర్యాదగానే అడిగింది. వేశాను. ఇన్నేళ్లుగా ఎవరు ఏది చెబితే అది చేసిన చేయి, నోటి కంటే ముందు కదిలింది. కారు వెళ్లిపోయింది.

పైకొచ్చి సారుకు చెప్పాను. "సార్, గవి నా ఒక్కనియి గావు. ఒక్కొక్కటి ఒక్కొక్కనిది."

సారు ముఖం పాలిపోయింది. మైకతను పొరపాటు పడ్డాడు. నార గుడ్డ కట్టి ఉంటే కానుకలనే అనుకున్నాడట. పెళ్లికూతురు మెడలో దండ తీయకుండానే కూర్చుని అందరికీ మెసేజీలు పెట్టింది. వారంలో చాలా బకెట్లు సారు కారులో తిరిగొచ్చాయి. నాలుగు రానేలేదు. తులసి తీసుకున్నామె కారు రిపేరుకు పోయిందట, అది వచ్చాక తెచ్చిస్తానందట. అప్పటిదాకా ఆగే ఓపిక నాకు లేదు. అడ్రసు అడిగి సెలవు రోజున బస్సెక్కి వెళ్లాను.

ఆమె తలుపు తీసి, తెలియక తెచ్చుకున్నానండీ అని నొచ్చుకుంది. బాల్కనీలో తులసి ముందు దీపం వెలుగుతోంది. గింజలున్న వెన్ను ఒక్కటి తుంచుకోనా అని అడిగింది. "అన్నను అడగాల్నమ్మా" అన్నాను. ఆమె దీపం పక్కకు జరిపి బకెట్టు అందించింది. బకెట్టు ఒళ్లో పెట్టుకుని బస్సులో వస్తుంటే, అడగాల్సిన చోట అడగనివాణ్ణి, ఒక్క వెన్ను దగ్గర ఇంత నియమం పట్టానేమిటని సిగ్గేసింది. రెండు స్టాపుల ముందే దిగి మిగిలిన దారి నడిచాను.

అన్న వచ్చిన రోజే అంతా చెప్పేశాను. ఆయన చొక్కా మడతపెడుతూ విన్నాడు.

"పెండ్లికంటే నేనే పంపిస్తుంటి గదరా. నువ్వు అడగకపోవుడే మంచిగ లేదు" అన్నాడు. చొక్కాను మంచం మీద పెట్టి, "ఆమెకు గింజలన్న ఇయ్యకపోతివి" అన్నాడు.

ఆ గింజలు సారు చేతికిచ్చి ఆమెకు పంపాను. తులసికి మాత్రం తర్వాత అన్న తనే నీళ్లు పోసుకున్నాడు. డ్యూటీ నుంచి ఎంత అలసిపోయి వచ్చినా చెంబు నా చేతికివ్వలేదు.