అన్నను అడగని మాట

మా అన్న పోయాడని పోయిన నెలలో ఉదయగిరి నుంచి వచ్చిన బస్సు కండక్టరు చెప్పాడు. నేను ఆత్మకూరులో బడిపంతులుని. పిల్లలను ఇళ్ళకు పంపి, అదే బస్సు తిరిగి పోయేటప్పుడు ఎక్కాను. దారిపొడుగునా కళ్ళు తడి కాలేదు. అన్న కోసం పదేళ్ళ కిందటే ఒకసారి ఏడ్చి ఉన్నాను. ఇప్పుడు పోయిన మనిషి ఎవరో, ఎవరి కోసం ఏడవాలో నాకు తెలియలేదు.

అన్న ఉదయగిరి హైస్కూల్లో లెక్కల మాస్టరు. మాటకారి, కోపిష్ఠి. ఆదివారం వస్తే నన్ను వెంటబెట్టుకొని దుర్గం కొండ ఎక్కేవాడు. మెట్టుకొక లెక్క అడిగేవాడు. తప్పు చెబితే ఒక మెట్టు దిగాలి. "తెలీకుంటే తెలీదని చెప్పు. తెలిసినట్టు తల ఊపేవాడికి నేనేం చెప్పేదిరా?" అనేవాడు. ఈరోజు నేను నలుగురికి చదువు చెబుతున్నానంటే ఆ కొండ మీద దిగిన మెట్లే కారణం.

స్వాతంత్ర్యం వచ్చిన మరుసటి ఏడు ఆయనకు మనసు చెదిరింది. గోడ అవతల ఎవరో తనను తిడుతున్నారనేవాడు. నిద్ర లేకుండా పోయింది. ఒకరోజు వదినను కొట్టాడు. కాసేపటికి ఆమె కాళ్ళ దగ్గర కూర్చొని ఏడ్చాడు. తెలిసిన వైద్యాలన్నీ అయ్యాక వదినా నేనూ ఆయనను మద్రాసులో ఒక ఆస్పత్రికి తీసుకుపోయాం. మెదడులో కొన్ని నరాలు కోస్తే ఆవేశం అణుగుతుందనీ, మనిషి కొంచెం మారవచ్చనీ డాక్టరు చెప్పాడు. కొంచెం అంటే ఎంత అని అడగడానికి నాకు నోరు రాలేదు.

వదిన మాత్రం నన్ను అడిగింది. "ఆయనకు చెప్పినావా అబ్బయ్యా?"

"చెబితే ఒప్పుకోడు వదినా."

"ఒప్పుకోడని తెలిసి కూడానా?"

నాలుగు రోజుల కిందట మళ్ళీ తిన్న దెబ్బకు ఆమె చెంప ఇంకా కమిలే ఉంది. దాన్ని చూస్తూ కోతకు ఒప్పుకుంటున్నట్టు కాగితం మీద సంతకం పెట్టాను. ఆ రోజు అన్న నిమ్మళంగానే ఉన్నాడు. నా చేతిలో కాగితం చూసి "ఏందిరా అది?" అన్నాడు.

"ఏం లేదన్నా. నిన్ను ఇంటికి పంపించేదానికి."

నమ్మాడు.

ఇంటికి వచ్చిన మనిషి కొట్టలేదు, తిట్టలేదు, కొండ వైపు చూడలేదు. పెడితే తిన్నాడు. లెక్క అడిగితే పలక పక్కన పెట్టేశాడు. మద్రాసు డాక్టర్లు మాస్టరు మెదడు తీసేసి ఇంకెవరిదో పెట్టారని ఊళ్ళో పుకారు పుట్టింది. అదే ముఖం, అదే గొంతు. నన్ను చూస్తే వెలిగే ఆ కళ్ళు మాత్రం లేవు. నేను వెళ్ళడం తగ్గించాను. ఆత్మకూరులో గదిలో ఒక్కణ్ణే వండుకు తింటూ, మీ అన్న బాగున్నాడా అని ఎవరైనా అడిగితే ఏం చెప్పాలో తెలియక ఏళ్ళు గడిపాను.

అక్కడ ఉదయగిరిలో అన్న తనకొక పని వెతుక్కున్నాడు. పక్కింటి ముసలాయన కొయ్య గరిటెలు చెక్కేవాడు. అన్న ఆయన దగ్గర చేరి వాటిని గరుకు కాగితంతో రుద్ది నునుపు చేసేవాడు. చెంపకు ఆనించి చూసుకొని, "ఇంకా గరుగ్గానే ఉండాది" అంటూ మళ్ళీ మొదలుపెట్టేవాడు. మునుపటి అన్నకు అంత ఓపిక ఎక్కడిది?

రెండేళ్ళ కిందట వెళ్ళినప్పుడు నన్ను అరుగు మీద పక్కన కూర్చోబెట్టుకున్నాడు.

"నా తలలో ఉండేది ఇంకొకరి మెదడంట గదరా. ఎవరిది?"

నేను ఉలిక్కిపడ్డాను.

"వాళ్ళింట్లోవాళ్ళకు తెలుసునా? ఆయన పెండ్లాం బిడ్డలు ఎతుక్కుంటా ఉంటారేమో. ఒక జాబు రాయరా."

ఆ పుకారును ఎన్నాళ్ళుగా మోస్తున్నాడో! దిగులంతా ఎక్కడో ఉన్న ఆ ఇంటివాళ్ళ గురించే. ఇక దాచలేకపోయాను.

"ఇంకెవరిదీ కాదన్నా, నీదే. కొంచెం కోసినారు. సంతకం పెట్టింది నేనే. నీకు అబద్ధం చెప్పినాను."

చేతిలో గరిటెను అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఆయన్ను ఒక మాట అడగాల్సిందిరా" అన్నాడు. గొంతులో కోపం లేదు. మునుపటి తన గురించే, ఎవరో దూరపు బంధువు గురించి అన్నట్టుంది. తరువాత, "అన్నం తిని పో. బస్సుకు ఇంకా టైముండాది" అన్నాడు.

అప్పటి నుంచి ప్రతినెలా వెళ్ళాను. పక్కన కూర్చొని నేనూ గరిటెలు రుద్దేవాణ్ణి. "గట్టిగా రుద్దితే గీతలు పడతాయి. మెల్లిగా" అని నా చెయ్యి పట్టుకొని చూపించేవాడు. కొండ మెట్ల మీద ఆయన ఎన్నడూ నా చెయ్యి పట్టుకోలేదు. ఆ సంతకం వల్ల వదిన ప్రాణం నిలిచిందేమో. అలా అనుకొని ఊరట పొందాలని చాలాసార్లు చూశాను. కుదరలేదు.

పోయిన నెల ఆ బస్సు దిగి నేను చేరేసరికి అన్నకు స్నానం చేయించి ఉన్నారు. వచ్చినవాళ్ళలో కొందరు మాస్టరు అంటున్నారు, కొందరు గరిటెలాయన అంటున్నారు. తడి జుట్టు వెనక్కి దువ్వడంతో రెండు కణతల పైన మద్రాసులో కోసిన చోట రెండు చిన్న గుంటలు కనబడ్డాయి. వదిన ఒక గుంట మీద బొటనవేలు ఆనించి కూర్చుంది. పాడె తెచ్చి, "ఇంక లెయ్యమ్మా" అన్నారు. ఆమె వేలు తియ్యలేదు.