సముద్రానికి తొమ్మిది వేల అడుగులు

‘మార్చలేకపోతే తొమ్మిది వేలు అనుకో.’ బరంపురంలో ఒక ఆఫీసులో కూర్చుని కంప్యూటర్‌కు ఈ ఒక్క ఆదేశం రాశాను. దాని బరువు ఇన్నేళ్లూ మోశాను. మొదటిసారి మీకే చెబుతున్నాను.

నేను పనిచేసిన పత్రిక మూతపడ్డాక డేటాబేస్ పని నేర్చుకున్నాను. పొడంపేటలో సముద్రం కోసేస్తున్న ఇళ్లకు బదులు ఒక సేవాసంస్థ లోపలి వైపున కొత్తవి కట్టించింది. కెరటానికి ఎవరి గడప దగ్గరో వాళ్లకు ముందు. ఆ వరస తేల్చే ఫంక్షన్, అంటే చిన్న ప్రోగ్రాం ముక్క, రాయడం నా పని.

ఊళ్లో సర్వే చేసిన పిల్లలు ఇంటికీ సముద్రానికీ దూరం ఎన్ని అడుగులో ఫోన్లలో అక్షరాల గడిలో నింపారు. ఫంక్షన్‌కు సంఖ్య కావాలి. అక్షరాన్ని సంఖ్యగా మార్చుకోమని మనమే విడమరచి చెప్పాలి. చెప్పాను. కొన్ని ఇళ్ల దగ్గర మొరాయించింది. తెరిచి చూశాను. ఒడియా బడిలో చదివిన ఆ తెలుగు పిల్లలు ఒడియా అంకెలే కొట్టారు. యంత్రానికి అవి అంకెలు కావు. నాకు అంకెలే. నేనూ అలాంటి బడిలోనే చదివాను. పన్నెండు, ఇరవై అని పైకే చదివాను కూడా. వాటిని మార్చే నాలుగు లైన్లు రాస్తే సరిపోయేది. కానీ మేనేజరు వెనక నిలబడ్డాడు, తెర మీద తప్పు చూపిస్తున్న ఎర్ర అక్షరాలు పోవాలి. ఆ తొమ్మిది వేల ఆదేశం రాశాను. పోయాయి. గడపలో కెరటం ఉన్నవాళ్లు తొమ్మిది వేల అడుగుల అవతలికి, జాబితా చివరికి వెళ్లిపోయారు. అది బద్ధకమా? భయమా? లేక ఊరూరా తిరిగి వార్తలు రాసిన నాకు మనుషులు మనుషులుగా కనబడడం అప్పటికే మానేశారా?

చేపలమ్ముకునే నూకాలమ్మ ఆఫీసుకొచ్చి నిలదీసింది.

“ఏటి బాబూ, మా ఎనకున్నోలకి ఇల్లొచ్చీసింది. మా గుమ్మంలోన సముద్రం మీకు అగుపడ్నేదా?”

“కంప్యూటర్ తప్పు చెయ్యదమ్మా.”

“అయితే సముద్రవే తప్పు సేసినట్టుంది. దానికే సెప్పు, ఎనక్కి ఎల్లిపొమ్మని!”

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

ఇప్పుడు మీకు చెప్పేశాక గుండె తేలికైంది. ఆ తేలికకూ సిగ్గుగానే ఉంది.

కొత్త ఇళ్లన్నీ నిండిపోయాయి. సంస్థ వెళ్లిపోయింది. కిందటి తుఫానులో నూకాలమ్మ ఇంటి తూర్పు గోడ పడిపోయింది. టార్పాలిన్ కట్టుకుని ఆమె అక్కడే ఉంటోంది.