బస్సులో నా రివ్యూ పేపర్ పంచాయితీ

మంచిర్యాల నుంచి గోదావరిఖని వచ్చే బస్సులో, ఒళ్లో లాప్‌టాప్ పెట్టుకుని రివ్యూ పేపర్ సరిదిద్దుతున్నాను. జర్నల్ వాళ్లు దాన్ని తిప్పి పంపారు. సాయంత్రంలోగా మార్చి పంపకపోతే ఇక శ్రమపడనక్కర్లేదని మర్యాదగా రాశారు. అది అచ్చయితే గానీ నా పీహెచ్‌డీ కదలదు. నేను మాత్రం కామాలు మారుస్తున్నాను.

పక్క సీటులోని పెద్దమ్మ నా కుదురులేని వేళ్లను చాలాసేపు చూసింది. "ఏం రాస్తున్నవ్ బిడ్డా?"

"ఓపెన్‌కాస్ట్ బొగ్గుగనుల కాడి మట్టిగుట్టల మీద ఏ చెట్లు పెట్టాల్నో చాలామంది రాసిండ్రు పెద్దమ్మా. కొందరు జల్ది పెరిగేటివి పెట్టాలంటరు, కొందరు మన అడివి చెట్లే మేలంటరు. ఎవరేమన్నరో అంత ఒక్కకాడ రాస్తున్న."

"మరి నువ్వేమంటున్నవ్?"

"నేనేమంట? వాళ్లన్నదే రాసిన."

ఆమె పకపకా నవ్వింది. "మా పొలం గట్టు పంచాయితికి వచ్చిన పెద్దమనిషి గిట్లనే జేసిండు. వాళ్లన్నది మాకు, మేమన్నది వాళ్లకు జెప్పి, చాయ తాగి ఎల్లిపోయిండు. లొల్లి ఇంక గట్లనే ఉన్నది."

ఎడిటర్ రెండు పేజీల్లో చెప్పిందీ ఇదే, చాయ ప్రస్తావన తప్ప.

గోదావరి వంతెన దాటాక ఆమె దిగిపోయింది. నేను కామాలు వదిలేసి, "రెండో వాదనే సరైనదని మా అభిప్రాయం, ఎందుకంటే" అని టైపు చేసి ఆగిపోయాను. బస్సు ఖాళీ అయినా ఆ వాక్యం ముందుకు కదల్లేదు. బస్టాండ్ బెంచీ మీద కూర్చుని, చదివినవన్నీ మళ్లీ తిరగేసి, చీకటి పడేలోపు పూర్తిచేసి పంపాను.

పంపాక భయం వేసింది. అంతవరకు ఆ పేపర్లో తప్పులుంటే అవి ఇతరులవి.