మూఢానికి ముందు ఎత్తిన తాడిపత్రి

ఇన్నేండ్లు కడుపుల పెట్టుకొని తిరిగిన. ఇగ నాతోని కాదు. మీరెవరో నాకు తెల్వదు, తెలుసుకునే అక్కర గూడ లేదు. జాలిపడేటోళ్లయితే ఇక్కడనే ఆపేయుండ్రి. జాలి కోసం రాస్తలేను. మంచోన్ని అనిపించుకునేందుకు అసలే రాస్తలేను.

మా అక్క మొగుడంటే నాకు పడదు. ఇప్పటికీ పడదు. వరంగల్ల మా నాయన పెట్టిన పసుపు దుకాణంల బావ భాగస్తుడు. నోరు పెద్దది, నవ్వు ఇంకా పెద్దది. హమాలీల ముంగట నన్ను "ఏం చిన్న సేటూ" అని పిలిచి నవ్వేటోడు. పని తెలిసినోడే, కాదంటలేను. పసుపును ఓడల మీద బయటి దేశానికి పంపాలన్న ఆలోచన ఆయనదే. డెబ్బైల చివర్ల మా బజార్ల ఎవ్వరికీ రాని ఆలోచన. గదే నాకు మండేది.

బయటికి పోయే సరుకుల ఒక్క పురుగు గూడ బతికుండొద్దు. అందుకని గోదాంల బస్తాలు పేర్చి, నడుమ మందు గోలీలు పెట్టి, పైనుంచి గాలి పోకుండ తాడిపత్రి పట్ట కప్పి, అంచుల మీద ఇసుక మూటలు వేసేటోళ్లం. గోలీల నుంచి గ్యాస్ లేస్తది. వారం దాక ఎవ్వడూ ముట్టొద్దు. ముందే ఎత్తితే పసుపు కొమ్ముల లోపలున్న పురుగులు బతుకుతయని బావ చెప్పేటోడు. మన పురుగు పరాయి దేశంల దిగితే దాన్ని తినే జీవి అక్కడ ఉండదు, వాళ్ల గోదాంలు, వాళ్ల రైతుల కష్టం అంత మట్టిపాలేనని గూడ చెప్పేటోడు. వాళ్ల రైతుల సంగతి నాకెందుకు అనుకునేటోన్ని.

ఆ ఏడు తాడిపత్రి కప్పే రోజే నాయన పంచాంగం తీసిండు. వారం నిండేసరికి మూఢం వస్తాంది. మా ఇంట్ల ఏడాది మొదటి లోడు మూఢంల కదలదు. మంచి రోజు చూసి, లారీకి కొబ్బరికాయ కొట్టి పంపుడే అలవాటు. నాయన జర మెల్లగ ఆ మాటంటే, పురుగుకు మూఢం లేదు మామా అని బావ అందరి ముంగట పకపక నవ్విండు. హమాలీలు గూడ నవ్విన్రు. నాయన తల దించుకున్నడు. వంచిన ఆ తల నా కండ్ల ముంగటి నుంచి పోలే.

మర్నాడే సొంతూరు నెక్కొండ నుంచి బావకు కబురొచ్చింది, తల్లికి బాగ లేదని. గోదాం నాకు అప్పజెప్పి పోయిండు. తల్లి సావుబతుకుల ఉన్నా ఆ మనిషి దుకాణానికి ఫోన్ చేసిండు. నేనొక్కన్నే ఉన్న. వారం నిండేదాక తాడిపత్రి ముట్టకు, లోడు కదలనియ్యకు అన్నడు. సరే బావా అన్న. మర్నాడు పొద్దుగాల ఎత్తిపిచ్చిన.

గుప్పున ఎల్లిపాయ వాసన వచ్చింది. ఆ గ్యాసుకు గదే వాసన. అది తగ్గినంక ఒక బస్తా కుట్లు విప్పిన. ఒక కొమ్మును విరిస్తే లోపలి నుంచి సన్నటి పురుగు పాకుకుంట నా గోరు మీదికెక్కింది. బతికే ఉన్నది. చూసిన. బాగ చూసిన. దాన్ని నలిపి, బస్తా మల్ల కుట్టిపిచ్చిన. కొబ్బరికాయ కొట్టినం. నాయన మొకం ఎన్నడు లేనంత వెలిగింది.

నాయన కోసం చేసిన్నా? ఇన్నేండ్లు నాకు నేను చెప్పుకున్నది గదే. మరి పురుగు కనబడ్డంక గూడ ఎందుకు కుట్టిపిచ్చిన? అప్పుడన్న ఆగొచ్చు గద? ఆగలే. ఆ నవ్వు ఒక్కసారి బందైతే చూడాలని ఉండె నాకు.

ఆ తల్లి పోయింది. బావ దినాలు చేసుకొని వచ్చేసరికి ఓడ ఎల్లిపోయింది. సరుకు మంచిగనే పోయింది బావా అన్న, తాడిపత్రి ఎప్పుడు ఎత్తిన్నో మాత్రం చెప్పలే. దుఃఖంల ఉన్నడు, నమ్మిండు.

కొన్ని నెలలకు కబురొచ్చింది. అవతలి రేవుల మా బస్తాలల్ల బతికిన పురుగులు దొరికినయి. సరుకంత తగలబెట్టిన్రు, మా దుకాణం సరుకు ఇగ రావొద్దన్నరు. నాయన, బజార్ల ఇద్దరు పెద్ద సేట్లు పంచాయితీకి కూసున్నరు. వారం నిండకముందే ఎత్తినమని హమాలీలు చెప్పనే చెప్పిన్రు. బావ నా దిక్కు తిరిగిండు.

"ఎవడు ఎత్తుమన్నడురా?"

"నువ్వే గద బావా. నెక్కొండ నుంచి ఫోన్ల చెప్పినవ్."

"నేను చెప్పిన్నా?"

"నువ్వే చెప్పినవ్. మర్చిపోయినట్టున్నవ్. అత్తమ్మ పోయే టైం గద."

నా మొకం చూసిండు, తల్లి పోయిన రోజులను వేళ్ల మీద లెక్కపెట్టుకోబట్టిండు. తల్లి సావును మధ్యల పెట్టిన గద, ఆయనకు తన మీదనే అనుమానం వచ్చింది. అది నాకు ఆ క్షణంలనే కనబడ్డది. లోపల సంబురమైంది. అబద్ధమెందుకు, సంబురమే అయింది.

తర్వాత బజార్ల ఆయన మాట ఎవ్వడూ నమ్మలే. నెక్కొండ పోయి స్టేషన్ కాడ కిరాణ కొట్టు పెట్టుకున్నడు. దుకాణం నాకు మిగిలింది. అక్క నన్ను ఒక్క మాట అడగలే. నా బిడ్డ పెండ్లికి పసుపు దంచే రోజు మాత్రం, పసుపు దుకాణం ఉన్న తమ్ముని ఇంటికి, కొంగున పసుపు కొమ్ములు కట్టుకొని వచ్చింది. వాటినే రోట్ల పోసి దంచింది. నేను చూడనట్టే ఉన్న.

బావ ఇంకా ఉన్నడు. ముసలోడైండు, నోరు తగ్గలే, నేను కనబడితే మొకం తిప్పుకుంటడు. నాకూ ఆయన మొకం చూడబుద్ధి కాదు. కానీ మొన్న మేనల్లుడు ఒక మాట చెప్పిండు. ఆ సంగతి ఎవరన్న తీస్తే బావ ఇప్పటికీ, "చెప్పిన్నేమోరా, అమ్మ పోయే టైం, యాదికి లేదు" అంటడట. ఆ మాట విన్న కాంచి నాకు అన్నం పోతలేదు.

మాఫీ అడుగను. అడిగినా చెయ్యడు, చెయ్యొద్దు గూడ. ఇది చదివి ఇంటి మీదికి వస్తే రానీ, తలుపు తీసే పెడత.

నీ యాది మంచిగనే ఉన్నది బావా. నువ్వు చెప్పలే.