ఆరు వందల లడ్లు, రెండు దినాల గది

మా ఆయన ధనంజయ ఏడేండ్లు ఓడలో వడ్డించాడు. సరుకుల ఓడ కాదు, డబ్బున్నవాళ్లు ఊరికే సముద్రం మీద తిరగడానికి ఎక్కే ఓడ. రెండువేల మూడులో మా ఊరు పూతలపట్టుకు తిరిగొచ్చాడు. చుట్టాలంతా సెంటు సీసాల కోసం ఎదురుచూస్తుంటే, పెట్టె నిండా సబ్బులు తెచ్చాడు మహానుభావుడు.

దానికో కథ ఉంది. ఒకసారి ఓడలో ఒకామెకు వాంతులు మొదలై, మూడు రోజుల్లో రెండు వందల మందికి అంటుకున్నాయట. అందరూ ముట్టుకునే గరిటెలే దానికి దారి. ఆ తర్వాత గరిటె జనం చేతికివ్వలేదు. సబ్బుతో చేతులు కడగనివాణ్ణి భోజనాల గదిలోకి రానివ్వలేదు. వంటవాడికి వాంతులు పట్టుకున్నా సరే, గదిలో పెట్టి తలుపు మూసేవాళ్లు. తగ్గాక రెండు రోజులు గడిస్తే గానీ బయటికి రాకూడదు. ఈ చట్టమంతా ఆయన మా ఇంట్లో పెట్టాడు. మా అత్త సిద్ధమ్మకు ఒకసారి భేదులు పట్టుకుంటే వంటింటి గడప తొక్కనివ్వలేదు. కన్నకొడుకే తనను బయట పెట్టాడని ఆమె ఏడాదంతా ఊళ్లో చెప్పుకుంది.

పెండ్లిండ్లకు వంటలు చేయడం మొదలుపెట్టాక మాకు దొరికిన మొదటి పెద్ద పెండ్లి, బియ్యం మిల్లు రాజారత్నంగారి పెద్దకూతురిది. ఓడ మనిషి గదా, నిలబడి తినే బఫే పెడతాడని రాజారత్నంగారి ఆశ. మా ఆయన వినలేదు, ఆకులేసి కూర్చోబెట్టి మావాళ్లే వడ్డిస్తారన్నాడు. ఈ పెండ్లి నిలబడితే పాకాల దాకా మా పేరు పోతుంది. చెడితే మళ్లీ ఎవరూ పిలవరు. ముందురోజు సాయంత్రం ఆయన కూర్చుని ఆరు వందల లడ్లు తన చేత్తోనే చుట్టాడు. తెల్లారేసరికి పెరట్లో వాంతి చేసుకుంటున్నాడు.

ఎవరికి తెలుస్తుంది, రెండు మాత్రలు మింగి నిలబడమన్నాను. ఆయన గోడ పట్టుకుని నా వైపు చూశాడు.

"నిన్న సాయంత్రం నుంచే కడుపులో తిప్పతా ఉండింది లోకేశ్వరీ. ఆ లడ్లు పారెయ్యండి."

తిరుమల కొండ దగ్గర పుట్టి పెరిగినవాళ్లం. లడ్డు చేతికొస్తే ముందు కండ్లకద్దుకుంటాం. పారెయ్యమనడానికి ఈయనకు నోరెలా వచ్చిందో! ఏడ్చాను, తిట్టాను. అత్త మాత్రం కొడుకును గదిలోకి తోసి గొళ్లెం పెట్టింది.

"రెండు దినాలు. నువ్వు పెట్టిన సట్టమే."

ఏడాదిగా మోస్తున్న కసి తీర్చుకుందనుకున్నాను. తర్వాత చూస్తే, తోటలో గుంత తవ్వి లడ్లు పూడుస్తూ ఆమె కూడా ఏడుస్తోంది.

పెండ్లిలో వంటవాళ్లను నేను నడిపించాను. అత్త సబ్బు పట్టుకుని గుమ్మంలో నిలబడింది. పెండ్లికొడుకు తాతను కూడా చేతులు కడిగించకుండా వదల్లేదు. ఆకులో పాయసమే తప్ప లడ్డు కనబడకపోయేసరికి రాజారత్నంగారు మా మీదికొచ్చారు. పాకం చెడిందని అబద్ధమాడబోయాను. అత్త అడ్డమొచ్చింది.

"మావోడికి వాంతులు సామీ. వాడు సుట్టిన లడ్లు నీ బిడ్డ పెండ్లిలో ఎట్ల పెట్టేది? పూడ్సేసినాం."

ఆయన మొహం మాడిపోయింది. వెనక్కి తిరిగి పందిట్లోకి వెళ్లిపోయారు. ఇక మా పని అయిపోయిందనుకున్నాను. ఆ రోజు సాయంత్రానికి మా ఆయనకు వాంతులైతే తగ్గాయి గానీ, జరిగింది చెప్పాక అన్నం ముట్టలేదు.

మూడోనాడు పొద్దున రాజారత్నంగారే ఇంటికొచ్చారు. అత్త గొళ్లెం తీయలేదు, సాయంత్రం దాకా గడువుందంది. ఆయన కిటికీ దగ్గరే నిలబడి మాట్లాడారు. పెండ్లిలో తిన్న ఒక్కరికి కూడా కడుపులో నొప్పి రాలేదట. లడ్లు పెట్టలేదని వియ్యపురాలు మాత్రం ఇంకా దెప్పుతూనే ఉందట.

"మాఘంలో నా సిన్నబిడ్డ పెండ్లి ఉండాది. లడ్లు నువ్వే సుట్టాల ధనంజయా. ఇంగెవురి సెయ్యీ వద్దు."

 మా ఆయన తన అరచేతుల వంక చూసుకున్నాడు. తర్వాత మూలనున్న బక్కెట దగ్గరికి పోయి, సబ్బు తీసుకుని చేతులు రుద్దుకున్నాడు. అటు తిరిగి మొహం కూడా కడుక్కున్నాడు.