దివిసీమ బడిలో మూడు గ్లాసుల నీళ్లు

పటమట పార్కులో పొద్దున్నే నడిచేవాళ్లు నన్ను ప్రళయం మాస్టారు అంటారు. ఆ పేరు పెట్టింది మా చెల్లెలి భర్త రాఘవరావు. ఆయన నీటిపారుదల శాఖలో ఇంజనీరుగా చేసి రిటైరయ్యాడు. నేను హైస్కూల్లో సైన్సు చెప్పి రిటైరయ్యాను. సముద్రం పైకి వస్తోందని, మన డెల్టా చివరి పొలాల్లోకి ఉప్పు పాకుతోందని పదేళ్లుగా పత్రికలకు ఉత్తరాలు రాస్తున్నాను. ప్రపంచంలోని డెల్టాల మీద దొరికిన పుస్తకమల్లా చదివాను. మా బావ ఒక్క పుస్తకమూ తెరవకుండానే పార్కు బెంచీ మీద కూర్చుని వాటన్నిటికీ జవాబు చెబుతుంటాడు. జూలైలో నా పాత విద్యార్థిని కుమారి ఫోన్ చేసింది. నాగాయలంక అవతల ఒక ఊళ్లో ఇప్పుడు ఆమె సైన్సు టీచరు. "మాస్టారూ, మా పిల్లలు రోజూ పొలాల డ్రైను నీళ్లలో మీటరుతో ఉప్పు కొలిచి బోర్డు మీద రాస్తున్నారండీ. ఊళ్లో సగం మంది నమ్మటంలేదు. మీరొకసారి వచ్చి చెప్పండి" అంది. ఈ మాట బెంచీ దగ్గర చెబితే మా బావ నవ్వాడు. "ఆ డ్రైను చివర తలుపులు నా హయాంలో బిగించినవి బావా. చుక్క ఉప్పునీరు పైకి రాదు. పద, నేనూ వస్తా. ఆ మీటరేదో చూద్దాం" అన్నాడు. అలా మొదలైంది ఈ ప్రయాణం.

పొద్దున్న ఐదున్నరకు బస్టాండులో అవనిగడ్డ బస్సెక్కాం. కంకిపాడు, ఉయ్యూరు, పామర్రు, చల్లపల్లి, మోపిదేవి మీదుగా రెండున్నర గంటలు పట్టింది. కృష్ణ ఒడ్డు కరకట్ట మీద కారులో పోతే దృశ్యం బాగుంటుంది గానీ, బస్సులో అయితే డెల్టా రంగు మారటం కళ్లారా కనిపిస్తుంది. కంకిపాడు దగ్గర కాలవ నిండుగా ఉంది, చెరకు నల్లగా ఎదిగి ఉంది. మోపిదేవి దాటేసరికి అదే కాలవలో నీళ్లు మోకాలిలోతు. అరవై దాటినవాళ్లు ఆధార్ కార్డు చూపిస్తే టికెట్లో పావు వంతు తగ్గుతుంది. నేను చూపించాను. మా బావ జుట్టుకు రంగు వేసుకుని ఉన్నాడు, కార్డు తీయలేదు. కండక్టరు ఆయన్ని ఒకసారి ఎగాదిగా చూసి "మీరు కుర్రాళ్లే లెండి" అని పూర్తి టికెట్ కొట్టాడు. అవనిగడ్డలో దిగి పెసరట్టు తిన్నాం, బాగుంది. అక్కణ్ణుంచి నాగాయలంకకు షేర్ ఆటోలో ముప్పావు గంట. ఆ తర్వాత ఆరు కిలోమీటర్లకు విడిగా ఆటో మాట్లాడుకోవాలి. ఊరి పేరు నేను రాయను, ఫొటోల కోసం వచ్చేవాళ్లు ఎక్కువవుతారని కుమారి వద్దంది. ఆటోవాళ్లతో "ఉప్పు బోర్డు బడి" అంటే చాలు.

మేం చేరేసరికి పదవుతోంది. బడి గోడకు పాత నల్లబల్ల ఒకటి రోడ్డువైపు తిప్పి బిగించారు. దాని మీద లీటరు నీటికి ఎన్ని గ్రాముల ఉప్పో రోజుకు రెండు అంకెలు రాస్తారు, పోటు వేళకు ఒకటి, పోటు తగ్గాక ఒకటి. అంకె రెండు దాటితే లేత నారుకు ప్రమాదం అని కింద ఎర్ర సుద్దతో రాసి ఉంది. ఇక్కడ ఇదంతా ఎందుకంటే, కాలవ నీరు ఈ చివరి పొలాలకు ఆలస్యంగా వస్తుంది. అంతవరకూ నారు పోసిన ఆకుమళ్లు ఎండకుండా రైతులు మురుగు కాలవలోంచి, అంటే డ్రైనులోంచి, ఇంజనుతో నీళ్లు తోడుకుంటారు. సముద్రం పోటు మీద ఉన్నప్పుడు ఉప్పునీరు ఆ డ్రైనులోకి ఎగదన్నుతుంది. అది తెలియక తోడితే నారు రెండు రోజుల్లో పండుబారి చస్తుంది.

ఆ రోజు అసలు కష్టం వెంకాయమ్మది. రెండెకరాల కౌలు రైతు. ఆమె ఆకుమడి నెర్రెలు విచ్చి, మొలిచిన నారు కొసలు చుట్టుకుపోతున్నాయి. గట్టు మీద అద్దె ఇంజను సిద్ధంగా ఉంది. తొమ్మిదో తరగతి పిల్ల లక్ష్మి డ్రైనులో పెన్నులాంటి మీటరు ముంచి "నాలుగుందండీ. ఇప్పుడొద్దు పిన్నీ" అంటోంది. ఆ పక్కనే సుబ్బయ్య నిలబడ్డాడు. ఆ ఊరి పద్ధతి ఒకటి చెప్పాలి. డ్రైను నీళ్లు పెట్టాలా వద్దా అన్నది ముప్ఫై ఏళ్లుగా సుబ్బయ్య నాలుక తేలుస్తోంది. ఆయన దోసిట్లో నీళ్లు తీసుకుని పుక్కిలించి "బాగున్నై" అంటే ఇంజన్లు మోగుతాయి. ఆ పూటా అదే అన్నాడు.

వెంకాయమ్మ ఇద్దరి మధ్యా నిలబడి "పోయినేడు నారు పోయింది. ఈసారీ పోతే మళ్లీ విత్తనం ఎక్కణ్ణుంచి తేను? ఎవరి మాట వినను?" అంది.

మా బావ ముందుకొచ్చాడు. "నేను ఇంజనీర్నమ్మా. ఆ చివర తలుపులున్నై. ఇక్కడికి ఉప్పు రాదు. ఈ పిల్లల బొమ్మలు చూసి ఆగితే నారు ఎండిపోద్ది. పెట్టేయ్."

కుమారి వాదించలేదు. బడిలోంచి మూడు స్టీలు గ్లాసులు తెచ్చింది. ఒకదాంట్లో బడి కుండలో నీళ్లు, ఒకదాంట్లో తెల్లవారుజామున పోటు లేనప్పుడు పట్టి సీసాలో ఉంచిన డ్రైను నీళ్లు, మూడోదాంట్లో అప్పుడే ముంచినవి. ఏది ఏదో లక్ష్మికి తప్ప ఎవరికీ చెప్పలేదు. "మింగొద్దు బాబాయ్. నాలుక్కి తగిలించి ఊసెయ్" అని సుబ్బయ్యకు ఇచ్చింది. ఆయన మూడూ రుచి చూసి, మళ్లీ మొదటిది చూశాడు. "మూడూ ఒకటేనే. మంచినీళ్లే" అన్నాడు. కుమారి గ్లాసులు కడిగి మళ్లీ నింపి మా బావ ముందు పెట్టింది. బెజవాడలో ఫిల్టరు నీళ్లు తప్ప ముట్టని మనిషి. మొదటి రెండూ సరేనన్నాడు. మూడోది నోట్లో పోసుకోగానే ముఖం మెలికలు తిరిగింది. గట్టు పక్కకు పరుగెత్తి ఊసి, మళ్లీ ఊసి, "ఉప్పు కషాయంలా ఉంది. ఇవెక్కడివి?" అన్నాడు.

"మీరు పెట్టెయ్యమన్న నీళ్లేనండీ" అంది లక్ష్మి.

పదేళ్లుగా నేను ఎదురుచూసిన క్షణం అది. పుస్తకాల్లో చదివిన ఏ వాక్యమూ నాకు అంత సుఖం ఇవ్వలేదని ఒప్పుకుంటున్నాను. "ఏం బావా, చుక్క కూడా రాదన్నావు?" అన్నాను. ఆయన ఇంకా ఊస్తూనే ఉన్నాడు. వెంకాయమ్మ అటు చూడనేలేదు. "పోయినేడు విత్తనం మంచిది కాదన్నావు గదా మావా" అంది సుబ్బయ్యతో. అరవలేదు. పుట్టినప్పటి నుంచి కాస్త ఉప్పగా ఉండే నీళ్లే తాగి పెరిగిన నాలుకకు ఉప్పు తెలియటం మానేసిందని కుమారి నెమ్మదిగా చెప్పింది. సుబ్బయ్య మూడో గ్లాసు గట్టు మీద బోర్లించాడు. "విత్తనం మంచిదేనమ్మా" అన్నాడు.

ఇంజను ఆపి ఉంచారు. మధ్యాహ్నం వెంకాయమ్మ ఇంట్లో గోంగూర, రొయ్యల వేపుడుతో అన్నం పెట్టింది. డబ్బులిస్తే తీసుకోలేదు. తర్వాత రెండు కిలోమీటర్లు నడిచి డ్రైను చివరికి వెళ్లాం. మా బావ తలుపులు అక్కడే ఉన్నాయి. అడుగున రబ్బరు కుళ్లి, జానెడు సందు పడింది. ఆ సందుకు పిల్లలూ తల్లులూ కలిసి ఇసుక బస్తాలు వేశారు, సగం ఆపుతున్నాయి. ఇదంతా సముద్రం ఒక్కదాని పనే అనను. నదిలో దిగువకు వచ్చే నీరు తగ్గింది, ఇనుము తుప్పు పట్టింది, సముద్రం కాస్త కాస్త ఎక్కువ ఎక్కుతోంది. మూడూ కలిసి వెంకాయమ్మ మడి మీద పడ్డాయి. మా బావ ప్యాంటు మడిచి బురదలోకి దిగి, చేత్తో ఆ సందు కొలిచి, లక్ష్మి నోటుపుస్తకంలో ఏ మందం రబ్బరు కావాలో, అర్జీ ఎవరికి ఎలా రాయాలో తన చేత్తో రాసిచ్చాడు. అంత చక్కని దస్తూరీ ఆయనకుందని నాకు తెలియదు.

సాయంత్రం నాలుగూ పదికి పోటు తగ్గింది. లక్ష్మి మీటరు ముంచింది. గట్టు మీద నలభై మంది చేరారు. వెంకాయమ్మ ఇంజను తాడు చేతికి చుట్టుకుని ఉంది. "ఒకటీ పాయింటు రెండు" అంది లక్ష్మి. వెంకాయమ్మ అప్పటికీ లాగలేదు, సుబ్బయ్య వైపు చూసింది. ఆయన నీళ్లు నోట్లో పోసుకోలేదు. "ఆ పిల్ల చెప్పింది గదా, లాగు" అన్నాడు. ఇంజను మూడో గుంజుకు అందుకుంది. నీళ్లు మడిలోకి దూకి, నెర్రెల్లోకి బుడబుడమని దిగాయి. ఎవరో ఈల వేశారు. రాయటానికి సిగ్గుగా ఉంది గానీ, నేనూ చప్పట్లు కొట్టాను.

ఇది రాసేటప్పటికి పది రోజులైంది. నారు పచ్చగా నిలబడిందని, ఊళ్లో ఇప్పుడు బోర్డు చూడకుండా ఎవరూ ఇంజను వేయటం లేదని కుమారి ఫోన్ చేసింది. రోజూ ఉదయం బోర్డు మీది అంకె నలుగురికీ బిగ్గరగా చదివే పని సుబ్బయ్యదేనట. పదేళ్లు నేను ఉత్తరాల్లో చెప్పింది నిజమే. కానీ ఆ ఉత్తరాలతో ఒక్క మడీ బతకలేదు. ఒక టీచరు, ఒక మీటరు, పొరపాటును పదిమందిలో ఒప్పుకున్న ఒక ముసలాయన కలిసి బతికించారు. మా బావ మాత్రం పార్కులో ఇంకా తన తప్పు ఒప్పుకోలేదు, తలుపులు కాదు రబ్బరే పాడైందంటున్నాడు. ఆయన ఈ బ్లాగు చదువుతాడు. చదవాలనే రాశాను.

వెళ్లాలనుకునేవాళ్లకు ఒక్క సలహా. బస్సు వేళకంటే ముందు పోటు వేళ కనుక్కోండి. నాగాయలంక రేవులో పడవవాళ్లను అడిగితే చెబుతారు, అది రోజుకు ముప్పావు గంట చొప్పున ఆలస్యమవుతూ పోతుంది. పోటుకు ఒక గంట ముందు చేరి, పోటు తగ్గేదాకా ఉండండి. ఒక్క పూట చూసి వచ్చేస్తే ఆ డ్రైను గురించి మీరూ మా బావలాగే మాట్లాడతారు.