జీవరత్నం గారి ముక్కు

పోయిన నెల గుంటూరులో మా మేనల్లుడికి ప్రమోషన్ వచ్చిందని హోటల్లో విందు ఇచ్చాడు. ముచ్చటపడి ఫ్రెంచి ఎర్ర వైను సీసా ఒకటి తెప్పించాడు. నా ముందు గ్లాసులో పోసినది ముక్కు దగ్గరకు తీసుకున్నాను. వానకు తడిసి, మూలన పడి ముక్కిపోయిన గోనెసంచి వాసన. చుట్టూ అందరూ బాగుంది బాగుంది అంటూ తాగుతున్నారు. నేను మాత్రం గ్లాసు కింద పెట్టేశాను. ఒంట్లో బాగాలేదా అత్తా అని వాడు కంగారుపడ్డాడు. ఏం లేదురా అన్నాను. ఎనభైల్లో ఒక మధ్యాహ్నం ఇదే వాసన ఇలాంటి గ్లాసులోనే నాకు తగిలిందనీ, ఆ సంగతి నోరు తెరిచి చెప్పినందుకు నాకు పని నేర్పిన మనిషి ఉద్యోగం పోయిందనీ విందులో కూర్చుని ఎలా చెప్పను?

ఆయన పేరు జీవరత్నం గారు. మా పొగాకు ఎగుమతి కంపెనీలో ఆకు నాణ్యత చూసే పెద్ద. చీరాల దగ్గర పల్లెలో కూలి చేసుకునే కుటుంబంలో పుట్టి, మిషను బడిలో చదువుకుని, ఆ స్థానానికి వచ్చారు. బ్రాడీపేటలో కాపురం. చర్చిలో పెద్ద. తెల్ల చొక్కా, చేతిలో గొడుగు, వేసవిలో కూడా. అద్దంకి వైపు రైతు కుటుంబం నుంచి బి.యస్సీ. చదివి వచ్చిన నన్ను ఆయన కింద శాంపిల్ గదిలో వేశారు. ఆకులో తేమ ఎంత, చక్కెర ఎంత అని పరీక్షించడం నా పని. చివరి మాట మాత్రం ఆయన ముక్కుదే. ఆకు చేత్తో నలిపి, కళ్ళు మూసుకుని, ఒక్కసారి గాలి పీల్చేవారు. ఏ నేలలో పండింది, ఎక్కడ నిలవ ఉంది, ఎప్పుడు తడిసింది చెప్పేసేవారు. సముద్రం అవతల కొనేవాళ్ళు శాంపిల్ మళ్ళీ చూడకుండా ఆయన సంతకం మీదే సరుకు ఎత్తించుకునేవారంటే అతిశయోక్తి కాదు.

నాకు ఆయన నేర్పిన మొదటి వాసన తడిగోనె వాసనే. గోనెలో చుట్టిన ఆకు బేలు ఒకటి విప్పించి, నా తల దాదాపు అందులో పెట్టించి, ఇది మర్చిపోకు అన్నారు. లోపల బూజు మొదలైందంటే కంటికి కనపడక ముందే ఈ వాసన వస్తుందట. ఇంకోసారి నేను పొట్టి ఆకు, మచ్చల ఆకు ఉన్న శాంపిల్ చూసి, ఇది చెడ్డదండీ అనేశాను. ఆయనకు కోపం రావడం అప్పుడే చూశాను. "తక్కువ రకం వేరు, చెడ్డది వేరమ్మా. రేగడిలో నీళ్ళు లేక పండిన ఆకు ఇంతకన్నా ఎదగదు. అది దాని తప్పా? దాని రకంతోనే పోల్చి దాన్ని చూడు. బూజు పట్టిందా, అప్పుడు చెడ్డదను," అన్నారు. అప్పటి నుంచి దేన్నయినా చెడ్డది అనే ముందు నాకు నాలుక ఆగుతుంది.

ఒక వానాకాలంలో ఆయనకు పెద్ద జ్వరం వచ్చింది. చాలా రోజులు మంచాన పడి, చిక్కి సగమై, మళ్ళీ పనిలోకి వచ్చారు. వచ్చాక నా మీద నమ్మకం పెరిగిందనుకున్నాను. ప్రతి శాంపిల్‌నూ ముందు నా చేతికే ఇచ్చేవారు. నువ్వు చూడు, ఏమొచ్చిందో చెప్పు అనేవారు. నేను చెప్పాక తనూ నలిపి, వాసన చూసి, తల ఊపి రాసుకునేవారు. తప్పు దిద్దడం తగ్గిపోయింది. ఎదిగానన్నమాట అని లోలోపల పొంగిపోయాను. ఇంటికి వెళ్ళినప్పుడు మా నాన్నతో గొప్పగా చెప్పుకున్నాను కూడా.

కొనుగోళ్ళ కాలం మొదలయ్యాక, ఏటా వచ్చి మా ఆకు కొనే ఫ్రెంచి ఆయన రెనే గారు వచ్చారు. మా యజమాని రామకోటయ్య గారు గెస్టుహౌసులో భోజనం పెట్టించారు. భోజనాలయ్యాక రెనే గారు పెట్టెలోంచి రెండు ఎర్ర వైను సీసాలు తీసి బల్ల మీద పెట్టారు. ఇదేం ఖరీదైన సరుకు కాదనీ, తమ ఊళ్ళో బడిపంతులు నుంచి మేస్త్రీ దాకా రోజూ అన్నంలోకి తాగేదేననీ చెప్పారు. మీ పొగాకులాగే ఇదీ కలపడంలోనే ఉందట. ఒక రకం ద్రాక్ష ఒడ్డూపొడుగూ ఇస్తే, ఇంకోటి మెత్తదనం ఇస్తుంది, మూడోది రంగు. ముక్కుతో బతికేవాళ్ళు మీరు, దీన్ని చూసి ఏమంటారో వినాలని తెచ్చాను అన్నారు ఇంగ్లీషులో.

నేను బిగుసుకుపోయాను. మా ఇంట్లో తెలిస్తే ఇంకేమైనా ఉందా? చర్చి పెద్దగా జీవరత్నం గారు కూడా ముట్టరని అనుకున్నాను. ఆయన నవ్వి, నోట్లో పోసుకుని ఉమ్మేస్తే తాగినట్టు కాదు, పని చేసినట్టు, అన్నారు. పక్కన ఒక గిన్నె పెట్టించారు. ఆయన ఉన్నారన్న ధైర్యంతో నేనూ గ్లాసు పట్టుకున్నాను.

మొదటి సీసా నాకిప్పటికీ గుర్తుంది. బాగా పండిన నేరేడుపళ్ళ వాసన, దాని వెనక కొంచెం మిరియం. నోట్లో పోసుకుంటే ముందు పులుపు, తర్వాత నేరేడుపండు తిన్నప్పటి వగరు నాలుక మీద పట్టింది. మింగకపోయినా గొంతులో వెచ్చగా అనిపించింది. గొప్పగా ఏమీ లేదు గాని శుభ్రంగా ఉంది. నేను అదే చెప్పాను. రెనే గారు సంతోషించి, సరిగ్గా ఇంతే, దీన్నుంచి ఇంతకన్నా ఆశించకూడదు అన్నారు.

రెండో సీసా బిరడా తీసి రెనే గారు ముందు తనే వాసన చూశారు. కనుబొమ్మలు కొంచెం ముడిపడ్డాయి. ఏమీ అనకుండా అందరికీ పోశారు. ఒకే తోట, ఒకే ఏడు, ఎలా ఉంది అని అడిగారు. రామకోటయ్య గారు ఒక్క గుక్కలో తాగేసి ఫస్టుక్లాసు అన్నారు. జీవరత్నం గారు గ్లాసు ముక్కు దగ్గర చాలాసేపు పెట్టుకున్నారు. నోట్లో పోసుకుని, పుక్కిలించి, గిన్నెలో ఉమ్మారు.

"రెండూ ఒకటేనండి. తక్కువ ఖరీదుదే గాని నికార్సయిన సరుకు," అన్నారు.

రెనే గారు ఆయన హాస్యమాడుతున్నారనుకుని నవ్వారు. జీవరత్నం గారు నవ్వకపోయేసరికి ఆ నవ్వు సగంలో ఆగిపోయింది. అప్పుడు నేను నా గ్లాసు ఎత్తాను. తడిగోనె. అనుమానం లేదు. బేలులో తల పెట్టించి ఆయన నేర్పిన వాసనే. నాకు ముందు ఆశ్చర్యం కాదు, భయం వేసింది. ఎండలో నడుస్తుండగా చూపు పోయినవాడిని పక్కనుంచి చూసినట్టుంది. గ్లాసు కింద పెట్టేసి తల వంచుకున్నాను.

ఆయన నా మొహం చూశారు. "ఏమొచ్చిందమ్మా? ఉన్నది చెప్పు," అన్నారు తెలుగులో.

"రెండోది తడిగోనె వాసనండి," అన్నాను.

అదే మాట ఆయన రెనే గారికి ఇంగ్లీషులో చెప్పారు. రెనే గారు అవునని తల ఊపి, బెండు బిరడాకు బూజు పడితే ఒక్కో సీసా ఇలా పాడవుతుందని వివరించారు. ఒక్క మాటతో అక్కడికి తప్పించుకోవచ్చు. జలుబు చేసిందంటే అందరూ నమ్మేవాళ్ళు. కాని జీవరత్నం గారు గ్లాసు పక్కకు జరిపి, చేతులు బల్ల మీద పెట్టుకుని, వానాకాలం జ్వరం తగ్గినప్పటి నుంచీ తనకు ఏ వాసనా తెలియడం లేదని చెప్పారు.

రెనే గారి మొహం పాలిపోయింది. మరి అప్పటి నుంచి నాకు పంపిన సరుకంతా ఎవరు చూసినట్టు అని అడిగారు.

"ఈ అమ్మాయి చూసింది. చూస్తున్నది తనేనని ఈ అమ్మాయికీ తెలియదు," అన్నారాయన.

నేను ఎదిగాననుకున్న నెలలన్నీ ఒక్కసారిగా తిరగబడి మీద పడ్డాయి. నువ్వు ముందు చూడు అన్న ప్రతి మాటా ఇంకోలా వినపడింది. కుర్చీ గట్టిగా పట్టుకుని కూర్చున్నానే గాని, ఆ తర్వాత ఎవరేం మాట్లాడారో నాకు జ్ఞాపకం లేదు.

మర్నాటి నుంచి దాచి ఉంచిన శాంపిళ్ళన్నీ బయటికి తీయించారు. రెనే గారూ నేనూ ఒక్కొక్కటీ మళ్ళీ చూశాం. ఒకటి రెండు చోట్ల వాదన పడ్డాం గాని పాడైన సరుకేదీ తేలలేదు. ఆయన నాతో చెయ్యి కలిపి వెళ్ళారు. జీవరత్నం గారిని మాత్రం మళ్ళీ శాంపిల్ గదిలోకి రానివ్వలేదు. గోడౌను చూసుకోమన్నారు. ఆయన ఒప్పుకోక రాజీనామా చేశారు. వీడ్కోలు సభ కూడా పెట్టలేదు. ఆయన కుర్చీలో నన్ను కూర్చోబెట్టారు.

కొన్నాళ్ళు కోపంతో ఆయన్ని చూడ్డానికి వెళ్ళలేదు. చివరికి ఒక ఆదివారం బ్రాడీపేట వెళ్ళాను. ఆయన భార్య కాఫీ ఇస్తూ, తనకు ముందే తెలుసనీ, పాలు మాడి ఇల్లంతా కంపు కొడుతుంటే పక్కనే కూర్చుని పేపరు చదువుకుంటున్నారనీ చెప్పింది. కంపెనీలో చెప్పమని ఎంత పోరినా, రేపటికి వచ్చేస్తుందిలే అనేవారట. ఆయన తల ఎత్తలేదు.

"నన్ను వాడుకున్నారా సార్?" అని అడిగేశాను.

"వాడుకున్నాను. నేర్పాను కూడా. ఏది ఎంతో నాకే తెలియదమ్మా," అన్నారు.

సమర్థించుకుంటారని వెళ్ళినదాన్ని. ఆ జవాబు వినేసరికి నా కోపం ఎటు వెళ్ళాలో తెలియక నిలబడిపోయింది. ఆయనే మళ్ళీ అన్నారు. "రోజూ పొద్దున పనిలోకి వెళ్ళే ముందు నీకు బాగా తెలిసినదాన్ని ఒకదాన్ని వాసన చూడు. ఆకును చూసే ముందు నిన్ను చూసుకో. తెలియని రోజు ఆ రోజే చెప్పేయ్. రేపటి దాకా ఆగావంటే ఇక నోరు రాదు."

తర్వాత ఆయన చీరాలలో కూతురి దగ్గరకు వెళ్ళిపోయారు. వాసన మళ్ళీ రాలేదని, అలాగే పోయారని విన్నాను.

నేను ఉద్యోగం మానేసి చాలా ఏళ్ళయింది. అయినా పొద్దున లేవగానే వంటింట్లో జీలకర్ర డబ్బా మూత తీసి వాసన చూస్తాను. మా కోడలు మొదట్లో నవ్వేది, ఇప్పుడు పట్టించుకోవడం మానేసింది. కొన్నాళ్ళకు తిరిగి వచ్చింది గాని, ఆమధ్య ఊరూవాడా జ్వరాలు వచ్చిన రోజుల్లో, ఒక పొద్దున డబ్బాలోంచి నాకు ఏ వాసనా రాలేదు. మళ్ళీ పీల్చాను. ఏమీ లేదు. మూత పెట్టేసి, రేపు చూద్దాంలే అనుకున్నాను. నిజంగా అనుకున్నాను. గుమ్మం దాకా వెళ్ళి ఆగి, వెనక్కి తిరిగి, కోడలిని పిలిచి, నాకు వాసన తెలియడం లేదమ్మా, ఇవాళ్టి నుంచి వంట రుచి నన్నడక్కు, అని చెప్పాను. ఇంట్లోవాళ్ళ ముందు ఆ ఒక్క ముక్క అనడానికే నేను గుమ్మం దాకా వెళ్ళి రావలసి వచ్చింది. ఆయన ఆ మాట తన యజమాని ముందూ, తన సంతకాన్ని నమ్మిన మనిషి ముందూ అన్నారు.